నేను చూడని ల్యాబ్

ప్రతి కాలేజీలోనూ ఎవరికీ అక్కర్లేని పని ఒకటి ఉంటుంది. అది తిరిగి తిరిగి రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాళ్ళ నెత్తినో, కొత్తగా చేరినవాళ్ళ నెత్తినో పడుతుంది. ఇప్పుడు ఆ పని పేరు ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్. నాకు అది వయసు వల్ల వచ్చింది, మీకు వయసు చాలకపోవడం వల్ల వస్తుంది. అందుకే కొత్తగా చేరిన లెక్చరర్లను ఉద్దేశించి రాస్తున్నాను. ఇందులో నేను సాధించినవాటి గురించి ఏమీ లేదు. సాధించినవన్నీ నా రిటైర్మెంట్ సభలో అందరూ చెప్పేశారు. శాలువా కప్పుకుని కూర్చుని విన్నాను. వాళ్ళు చెప్పని సంగతి ఒకటి నా దగ్గర మిగిలిపోయింది, దాన్ని మోయడం ఈమధ్య కష్టంగా ఉంది.

నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మిర్చి, పత్తి పండే ఊళ్ళ మధ్య ఉన్న చిన్న డిగ్రీ కాలేజీ మాది. పిల్లలు బస్సుల్లో, షేర్ ఆటోల్లో వస్తారు. మిరపకాయ కోతల రోజుల్లో సగం క్లాసు ఖాళీ. నేను అటెండెన్స్ గురించి గొడవ పెట్టేదాన్ని కాదు. ఆ కూలి డబ్బుతోనే వాళ్ళు పరీక్ష ఫీజు కడతారని తెలుసు.

అలాంటి కాలేజీకి చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ అని వచ్చింది. ఆరు నెలలు ఏదో ఒక కంపెనీలో పని చేయాలి, రోజూ చేసింది లాగ్‌బుక్‌లో రాయాలి, చివర్లో వైవా. చాలా కాలేజీల్లో ఇది జెరాక్స్ షాపు దగ్గరే అయిపోతుందని అందరికీ తెలుసు. నాకు మాత్రం పట్టుదల వచ్చింది. జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటే మా పిల్లలకి ఆరు నెలల కూలి పోవడమే. కాబట్టి మా పిల్లలకి పని నేర్పాలి, పనికి డబ్బు కూడా ఇవ్వాలి అని మొండిగా కూర్చున్నాను. కోల్డ్ స్టోరేజీలు, పత్తి మిల్లులు, కారం మిల్లులు అన్నీ తిరిగాను. మోకాళ్ళ నొప్పులు అప్పుడే మొదలయ్యాయి.

"నేర్పేది మేమే, డబ్బులిచ్చేదీ మేమేనా మేడంగారూ? ఇదెక్కడి న్యాయమండీ?" అన్నాడు ఒక మిల్లు ఆసామి.

"మీ దగ్గర పని చేస్తారు కదండీ. పని చేసినందుకు ఇవ్వమంటున్నాను."

"ఏం పని చేస్తారండీ వాళ్ళు?"

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆగలేదు. మరో మిల్లుకి వెళ్ళాను. పర్చూరు వెళ్ళే దారిలో మిర్చి శుభ్రం చేసి ఎగుమతి చేసే యూనిట్ ఒకటి ఉంది. దాని యజమాని నేను అడగగానే ఒప్పుకున్నాడు. నలుగురిని తీసుకుంటాను, నెలనెలా స్టైపెండ్ ఇస్తాను, మాకు సొంత ల్యాబ్ ఉంది, తేమ పరీక్ష అవీ అన్నీ అక్కడే నేర్చుకుంటారు అన్నాడు. ఏసీ గదిలో నాకు మజ్జిగ ఇప్పించాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఆయన పేరు చెప్పి అడిగితే మిగతా మిల్లులూ ఒక్కొక్కటే దారికొచ్చాయి, నలభై మందికీ చోటు దొరికింది. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగులో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. చప్పట్లు ఎవరికి చేదు?

ఆ నలుగురిలో ఒక అమ్మాయి గురించే ఇదంతా. తండ్రి మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు, నడుము పట్టేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. తల్లి మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. అమ్మాయి పెద్దగా మాట్లాడదు. బ్యూరెట్ ముందు నిలబడితే మాత్రం చూడాలి. రంగు మారే చుక్క దగ్గర ఆ చెయ్యి సరిగ్గా ఆగేది. ఆ చుక్క దాటించని పిల్లలు నా సర్వీసు మొత్తంలో పదిమంది కూడా లేరు. మంగళగిరి దగ్గర ఒక టెస్టింగ్ ల్యాబ్ మేనేజరు మా కాలేజీకి ఏదో పనిమీద వస్తే, పట్టుబట్టి ఆ అమ్మాయి ప్రాక్టికల్ రికార్డు చూపించాను. ఆయన కాసేపు తిరగేసి, "ఇంటర్న్‌షిప్ అయిపోయి, డిగ్రీ పాసై జూన్‌లో రమ్మనండి మేడం. తేమ చూసే ఓవెన్ ముట్టుకున్న పిల్లయితే చాలు, మిగతాది మేం నేర్పుకుంటాం. ఒక్కటే పోస్టు ఉంది, జూన్ దాటితే ఆగదు" అన్నారు. ఆ మాట అమ్మాయికి అప్పుడే చెప్పాను. సోమవారం తల్లి కాలేజీకి వచ్చి, ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పానని, మా సంఘమంతా మీకోసం ప్రార్థన చేసిందని చెప్పింది. నాకోసం ఎవరైనా ప్రార్థన చేయడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఇక నా పద్ధతులు చెప్తాను. ఇవి నేనొక్కదాన్నే చేసినవి కావు, కానీ నా సంగతే చెప్పడం మర్యాద.

మొదటిది లాగ్‌బుక్. పిల్లలు ఇంగ్లీషులో రోజుకి నాలుగు లైన్లు రాయలేక నా ప్రాణం తీసేవాళ్ళు. అందుకని ప్రతి శనివారం నేనే ఒక మాదిరి రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. సోమవారం శాంపిల్ తీయడం నేర్చుకున్నాను, మంగళవారం తేమ శాతం కట్టాను, ఇలా వారమంతా. ఆదివారం సాయంత్రానికి అందరి పుస్తకాలూ నిండేవి. చూడటానికి ముచ్చటగా ఉండేవి.

రెండోది విజిట్. ఆరు నెలల్లో మూడుసార్లు కంపెనీకి వెళ్ళి, పిల్లలు పని చేసే చోటు చూసి, ఫారం మీద సంతకం పెట్టాలి. నేను మూడుసార్లూ వెళ్ళాను. ఎగ్గొట్టలేదు. అయితే మిర్చి యూనిట్‌లో గేటు దాటగానే ఘాటు కొడుతుంది. నాకు అసలే దగ్గు. యజమాని ఎదురొచ్చేవాడు.

"లోపలికెందుకండీ మేడంగారూ, మీరు తట్టుకోలేరు. ఇక్కడే ఏసీలో కూర్చోండి, పిల్లల్నే పిలిపిస్తాను."

పిల్లలు వచ్చేవారు. వరసగా నిలబడేవారు. నేను "బాగా నేర్చుకుంటున్నారా?" అనేదాన్ని, "నేర్చుకుంటున్నాం మేడం" అనేవారు. ఫారం మీద 'ల్యాబ్ సందర్శించాను, సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టి, సీలు వేయించుకుని వచ్చేదాన్ని. మా వైపు పెద్దవాళ్ళని గదిలో కూర్చోబెట్టి, చూడాల్సినవన్నీ ఆ గదిలోకే తెప్పించి చూపించడం మర్యాద. ఆ మర్యాదకి నేను అలవాటు పడిపోయాను.

రెండో విజిట్‌లో ఆ అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫారం అందుకోవడానికి చెయ్యి చాపినప్పుడు కొబ్బరినూనె వాసన వచ్చింది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. కారం మంట నీళ్ళకి పోదు, నూనెకి కొంచెం తగ్గుతుంది. మిర్చి పనికి వెళ్ళే ఆడవాళ్ళందరూ చేతులకి నూనె రాసుకుంటారు. ఏది దేంట్లో కరుగుతుందో చెప్పే పాఠంలో ముప్పై ఏళ్ళుగా నేను ఇచ్చే ఉదాహరణే అది. ల్యాబ్‌లో పని చేసే పిల్ల చేతులకి నూనె ఎందుకు రాసుకుందని అడగడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. యజమాని పక్కనే ఉన్నాడు. బస్సుకి టైం అవుతోంది.

"ఆరోగ్యం జాగ్రత్తమ్మా" అని చెప్పి వచ్చేశాను.

వైవా మే నెల ఎండల్లో పడింది. బయటి కాలేజీ నుంచి ఒక ఎక్స్‌టర్నల్ వచ్చారు. కంపెనీల తరఫున ఒకరు కూర్చోవాలంటే, నేనే మంగళగిరి ల్యాబ్ మేనేజరుగారిని పిలిపించాను. మా అమ్మాయి ఎలా చెప్తుందో ఆయన కళ్ళారా చూస్తారని నా ఆశ. ప్రిన్సిపాల్ గారు, నేను కలిపి టేబుల్‌కి ఇవతల నలుగురం. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు.

అమ్మాయి వచ్చింది. తేమ శాతం లెక్క అడిగితే తడుముకోకుండా చెప్పింది. మేనేజరు గారు సంతోషంగా ముందుకి వంగారు.

"మీ యూనిట్‌లో ఓవెన్‌లో ఒకసారికి ఎన్ని శాంపిళ్ళు పెట్టేవాళ్ళమ్మా?"

ఇది పుస్తకంలో ఉండదు. ఆయన అడిగింది పరీక్ష పెట్టడానికి కాదు, మాట కలపడానికి. అమ్మాయి తల వంచుకుంది. మళ్ళీ ఎత్తింది.

"నేను ఓవెన్ చూడలేదండి."

"అంటే?"

"ల్యాబ్‌కి తాళం వేసి ఉంటుందండి. బయటి నుంచి కొనేవాళ్ళు వచ్చినప్పుడే తీస్తారు. మమ్మల్ని షెడ్డులో తాలు ఏరమన్నారండి."

తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు. గుట్టగా పోసిన మిర్చిలోంచి వాటిని ఏరి పక్కన పడేయాలి. చదువుతో పనిలేని పని. ఆ అమ్మాయి తల్లి చేసే పనికి చెల్లెలు లాంటి పని.

ఎక్స్‌టర్నల్ లాగ్‌బుక్ తెరిచారు. "మరి ఇందులో రోజూ ల్యాబ్, ల్యాబ్ అని ఉందే. ఇది రాసిందెవరు?"

"నేనేనండి."

"అబద్ధం ఎందుకు రాశావ్?"

అమ్మాయి నా వైపు చూసింది. ఒక్క క్షణం. శనివారం మాదిరి సంగతి చెప్తుందనుకున్నాను. చెప్పలేదు. నన్ను ఇరికించడం ఇష్టంలేక చెప్పలేదు, నేనే చెప్తానని చూసింది. ఇది నాకు అప్పుడే అర్థమైంది. తర్వాత తీరిగ్గా అర్థమైందని రాస్తే బాగుంటుంది కానీ, అది నిజం కాదు.

ఎక్స్‌టర్నల్ నా వైపు తిరిగారు. "మేడంగారూ, మూడు విజిట్లకి మీ సంతకాలున్నాయి. మీరు ల్యాబ్ చూశారా?"

ఆ గదిలో నాకు ఏమేం గుర్తొచ్చాయో చెప్తాను. మొత్తం నలభై లాగ్‌బుక్‌ల్లో ఉన్నది నా రాతే అని గుర్తొచ్చింది. ఇంకా రెండు నెలల్లో నా రిటైర్మెంట్ అని గుర్తొచ్చింది. నిజం చెప్తే జీతం ఇచ్చే కంపెనీలు ఇక ఒక్కటీ రావని గుర్తొచ్చింది. ఇది నలుగురికీ చెప్పుకోదగ్గ కారణం కాబట్టి చాలాకాలం దీన్నే చెప్పుకున్నాను. అసలు కారణం సిగ్గు. అంతే.

"చూశానండి" అన్నాను.

"ఓవెన్ పని చేస్తోందా?"

"చేస్తోందండి."

ఆ రెండో ప్రశ్న ఆయన అడగకపోయినా సరిపోయేది. మొదటి అబద్ధం చెప్పాక రెండోది ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

అమ్మాయి "సారీ సార్" అంది. ఎవరికి చెప్పిందో తెలియదు. పెన్ను తీసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి లేచి వెళ్ళిపోయింది. మేనేజరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తెలివైన పిల్లేనండి. కానీ లాగ్‌బుక్ ఇలా రాసిన పిల్ల రేపు మా దగ్గర రిపోర్టులూ ఇలాగే రాస్తుంది. నావల్ల కాదు మేడం, ఏమీ అనుకోకండి" అన్నారు. నేనేమీ అనుకోలేదు. ఎక్స్‌టర్నల్ ఫెయిల్ అని రాశారు. అంటే ఇంటర్న్‌షిప్ మొత్తం మళ్ళీ చేయాలి, డిగ్రీ ఇంకో ఏడాదికి. జూన్ పోస్టు పోయినట్టే.

తర్వాత లోపలికొచ్చిన ముగ్గురూ అదే యూనిట్ పిల్లలు. వరండాలో జరిగింది తెలుసుకునే వచ్చారు. ఓవెన్‌లో ఆరు శాంపిళ్ళు పెట్టేవాళ్ళమని ముగ్గురూ ఒకే అంకె చెప్పారు. ముగ్గురూ పాస్.

మర్నాడు పొద్దున్నే ఒక కాగితం మీద అంతా రాసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. ల్యాబ్ నేను చూడలేదని, లాగ్‌బుక్ మాదిరి నాదేనని ముందు నోటితో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కయ్యగారూ అనేవాడు.

"ఇప్పుడా అక్కయ్యగారూ చెప్పేది? నలభై మంది మార్కులు ఆగిపోతాయి. మీ పెన్షన్ కాగితాలు వెళ్ళే టైము. ఆ పిల్లకి వచ్చే ఏడాది మళ్ళీ ఛాన్సుంది కదండీ."

"ఆ పోస్టు వచ్చే ఏడాది దాకా ఉండదు కదండీ."

"ఇంకోటి వస్తుంది. మీరు మనసు కష్టపెట్టుకోకండి. కాఫీ తెప్పించనా?"

కాఫీ తాగాను. కాగితం సంచిలోంచి బయటికి తీయలేదు. ఆయన నన్ను ఆపాడని మీరు అనుకోకండి. నేను ఆగిపోవడానికి ఎవరో ఒకరు ఒక మాట అనాలి, ఆయన అన్నాడు.

ఆ వారంలోనే ఆ యూనిట్‌కి వెళ్ళాను. ఎవరికీ చెప్పకుండా, ఆఫీసు వైపు తిరక్కుండా నేరుగా షెడ్డులోకి నడిచాను. ముక్కుకి చీర కొంగు అడ్డం పెట్టుకున్నా పది అడుగుల్లో దగ్గు తెర అందుకుంది. రేకుల కింద ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని ఉన్నారు. తలలకి గుడ్డలు, మూతులకి గుడ్డలు, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. చివర్లో ఒక గది, దాని తలుపు మీద ఇంగ్లీషులో లేబొరేటరీ అని బోర్డు. తాళం మీద ఎర్రటి దుమ్ము పేరుకుని ఉంది. గేటు నుంచి అక్కడికి రెండు నిమిషాల నడక కూడా లేదు.

వరసలోంచి ఒకావిడ లేచి వచ్చి మూతి గుడ్డ దించింది. ఆ అమ్మాయి తల్లి. ఆ సీజనుకి ఆవిడ కూడా అక్కడే చేస్తోందని నాకు తెలియదు. అంటే ఆరు నెలలూ తల్లీ కూతురూ ఒకే షెడ్డులో ఉన్నారు.

"అయ్యో మేడంగారూ, మీరు ఇక్కడికెందుకొచ్చారండీ! ఈ ఘాటు మీకు పడదండీ. రండి, బయటికి రండి."

నన్ను చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించి, తన సీసాలో నీళ్ళు ఇచ్చింది. నేను దగ్గు ఆగేదాకా వీపు రాసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మా పిల్ల అబద్ధం రాసిందన్నారంటండీ. నిజమేనా? ఎందుకు రాశావే అని అడిగితే నోరు విప్పదు. దాన్ని అట్టా పెంచలేదండీ నేను. ఇక్కడ పని ఇదేనని మీకు చెప్పమన్నాను. చెబితే మేడంగారు తెచ్చిన జీతాలు అందరికీ పోతాయమ్మా అంది."

"అబద్ధం రాయించింది నేనమ్మా. ఆ రోజు అందరి ముందూ అబద్ధం చెప్పింది కూడా నేనే."

ఆవిడ నా మొహంలోకి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"అబద్ధం మీరెందుకు చెప్తారండీ. పెద్దోళ్ళు. దాన్ని ఎనకేసుకు రావాలని అంటన్నారు మీరు. ఆ మంచితనం మాకు తెలవదా?"

ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి కాదంది. షెడ్డులోంచి ఎవరో పిలిస్తే మూతికి గుడ్డ కట్టుకుని వెళ్ళిపోయింది. నేను నిజం చెప్పాల్సిన చోటు అది కాదు. నమ్మాల్సినవాళ్ళు నమ్మే చోట నోరు మూసుకుని, నమ్మనివాళ్ళ దగ్గర చెప్పుకుని తేలికపడాలని చూశాను.

సరిగ్గా నేను రిటైరవడానికి వారం ముందు అమ్మాయి స్టాఫ్‌రూముకి వచ్చింది. కనిగిరి వైపు ఒక పాల కేంద్రంలో ఇంటర్న్‌షిప్ తనే చూసుకుంది. పాల పరీక్షలు చేయనిస్తారట. అక్కడ చుట్టాలింట్లో ఉంటుందట. స్టైపెండ్ లేదు. ఫారం మీద కోఆర్డినేటర్‌గా నా సంతకం కావాలి.

నేను గబగబా అన్నాను. "గైడ్‌గా నా పేరే రాయమ్మా. రిటైరైనా పర్వాలేదు, పర్మిషన్ తెచ్చుకుంటాను. ఈసారి నెలనెలా వస్తాను. దగ్గరుండి చూసుకుంటాను."

"వద్దు మేడం."

ఫారం నా ముందు పెట్టింది. గైడ్ అన్న చోట అప్పటికే మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన లెక్చరరు పేరు రాసి ఉంది.

"మిమ్మల్ని ఏమీ అనడం లేదు మేడం. ఈసారి వచ్చి చూసేవాళ్ళని అడుగుదామనుకున్నాను."

గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు. ఒక లెక్క తప్పొచ్చినప్పుడు కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టే పిల్ల గొంతు అది. క్షమించమ్మా అన్నాను. "పర్వాలేదు మేడం" అంది, అందరూ అనేలాగే. సంతకం పెట్టాను. ఫారం మడిచి, చున్నీ సర్దుకుని, తలుపు దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ కొత్త లెక్చరర్ స్థానంలో మీలో ఎవరో ఒకరు ఉంటారు. మీకు నేను నేర్పేదేమీ లేదు. జీతం ఇప్పించడం కోసం నేను పడ్డ పాట్లు అబద్ధం కాదు, నలభై మంది ఇళ్ళల్లో ఆ డబ్బు పనికొచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకుని మిగతాది చూడకుండా ఉండొచ్చని అనుకోవడమే నేను చేసింది. నా అలసటను కూడా అడ్డం పెట్టుకున్నాను. ఇప్పటికీ అలసటగానే ఉంది, దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

ఆ అమ్మాయి ఏడాది ఆలస్యంగా డిగ్రీ తీసుకుంది. మంగళగిరిలో ఆ పోస్టు ఎవరికో వెళ్ళింది. ఇప్పుడు మా ఊళ్ళోనే ఒక మందుల షాపులో పని చేస్తోంది. నేను మందులకి వేరే షాపుకి వెళ్తాను. అయినా చిన్న ఊరు కదా, బజార్లో నెలకోసారైనా ఎదురవుతుంది. "నమస్తే మేడం" అంటుంది. ఆగదు.